ఆకుసంచిల పుల్ల

నాకు రాసుడు అలవాటు లేదు. ఐదో తరగతి కాడ్నే బడి బందైంది. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

తెలంగాణ వచ్చినంక మా అమ్రాబాద్ దిక్కు అడవికి ఒక సారు వచ్చిండు. చెట్టు రాల్చిన ఆకు మన్నుల కలిస్తే, ఆ బలం మళ్ల చెట్టుకు ఎంత పోతదో సూడాల్నట. నారేప చెట్ల కింద వలగంపలు కట్టించిండు. వారం వారం గంపల పడ్డ ఆకును కాయితం సంచిల పోసి, చెట్టు నంబరేసి ఇచ్చుడు నా పని. సారు సంచితోనే ఎండబెట్టి, జోకి, మిషన్ల పోసి పొడి పట్టేటోడు.

"ఆకులు జోకనీకి కూలా? మన మేకల్ని పిలువు బిడ్డా, నోటితోనే జోకుతయి" అని బాపు నవ్విండు.

ఆ ఎండకాలం బాపు మళ్ల నవ్వలే. వానల్లేవు, మేత లేదు. పదకొండు మేకల్ల నాలుగు సచ్చినయి. అడవిల కొమ్మ కొడితే కేసు. నారేప ఆకైతే ఎండినా మేకలు తింటయి.

ఒక వారం గంపల ఆకు ఇంటికి తెచ్చి మేకలకేసిన. మరి సంచి ఖాళీగ ఎట్లిస్త? మా అవ్వ మోదుగాకు విస్తర్లు కుడతది. చినిగిన ముక్కలు మూలకు కుప్పవడి ఉండె. అవి నలిపి నింపిన. సారు తూకమే సూస్తడు గదా అనుకున్న. మళ్ల వారం గట్లనే. గట్లనే.

ఒకనాడు సారు మిషన్ల పోస్తుంటే సంచిలకెల్లి పుల్ల పడ్డది. విస్తరి కుట్టే పుల్ల. దాన్ని వేళ్ల నడుమ పట్టుకొని,

"ఏమమ్మా, మీ నారేప ఆకులు కుట్టి రాలుస్తదా?" అన్నడు.

"మేకలకేసిన సార్. రెండే సంచులు" అన్న.

"ఏ రెండు?"

రెండు కావు. ఏవేవో నాకే యాది లేదు.

సారు తిట్టలే. తిడితే బాగుండు. "ఏది నిజమో తెల్వకుంటే ఏడాది పనంత పోయినట్టే" అని పొడంత షెడ్డు ముంగట గుమ్మరించిండు. నన్ను రావద్దన్నడు.

ఎవరు చెప్పిండ్రో, నేను ఆడ్నే కూసోని ఉంటే, పొద్దుగూకంగ బాపు మేకల్ని తోలుకొచ్చిండు. అవి వాసన సూసి, తుమ్మి, మొకం తిప్పుకున్నయి.

"తినుండ్రే, మీ కోసమే గదా నా బిడ్డ దొంగైంది" అని బాపు ఒక మేక మూతిని పొడిల అదిమిండు.

"బాపూ, ఇడిశిపెట్టు" అన్న.

ఇడువలే. అది ముందుకాళ్లు మడిచి ఆడ్నే కూలవడ్డది.