దొరసాని తెచ్చిన గుడి వేషం

రాయగడ పక్కన కాగితం మిల్లు కడుతున్న రోజుల్లో ఒక దొరసాని అట్టపెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా అమ్మ కుట్టుపని చేసేది. నాకు బడి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు కనుక మధ్యవర్తిని నేను. పెళ్ళికి ముందు దొరసాని తన దేశంలో బ్యాలే ఆడేదట. ఇప్పుడు మిల్లు దొరల క్లబ్బులో మళ్ళీ ఆడాలట. అప్పటి దుస్తులు కాస్త వదులు చేయాలి, అంతే పని.

పెట్టె తెరిస్తే పల్చటి పైజామా, పొట్ట కనపడే జరీ రవిక, మొహానికి మేలిముసుగు, తలకి నెమలి ఈక.

"ఏటమ్మి ఇది, సర్కసు దాన్దా?" అంది అమ్మ.

"మన దేశానివేనట. గుళ్ళో దేవుడి ముందు ఆడే మనిషి కట్టుకునేవట" అన్నాను నవ్వుతూ.

అమ్మ నవ్వలేదు. దొరసాని వెళ్ళగానే తలుపు వేసింది.

"ఊళ్ళో ఇంతమంది దర్జీలుండగా మనింటికే ఎందుకు తెచ్చింది? ఎవులు సెప్పేరు దానికి?"

"ఏటి సెప్పేరని?"

అమ్మ పెట్టెను అమ్మమ్మ కంటపడకుండా మంచం కిందికి తోసేసింది. ఆ వారమంతా పాలమనిషి పలకరించినా అనుమానమే, పక్కింటావిడ నవ్వినా అనుమానమే. నాకేమో అమ్మ మీదే అనుమానం పట్టుకుంది. అమ్మమ్మ సంస్థానం గుమాస్తా భార్య అనీ, ఆయన పోయాడనీ అమ్మ ఊరందరితో పాటు నాకూ చెప్పింది. ఆయన ఎలా ఉండేవాడని అడిగితే మాత్రం కసిరేది.

సరిపోయాయో లేదో చూసుకోవడానికి వచ్చిన దొరసాని ఆ దుస్తులు వేసుకుని మా ముందుగదిలో నిలబడింది. తెల్లచీరలో అమ్మమ్మ లోపలినుంచి వచ్చి ఆగిపోయింది. ఎవరి వేషమని అడిగితే చెప్పాను. అమ్మ అమ్మమ్మ భుజం పట్టుకుని లోపలికి లాగబోయింది.

"మొకం కప్పుకుని దేవుడి ముందుకా!"

అమ్మమ్మ ఆ ముసుగు లాగేసింది. దండెం మీద ఉన్న అమ్మ చీర తీసి, పైజామా మీదే కుచ్చిళ్ళు పోసి, కచ్చ దోపి, పైట బిగించి కట్టింది. చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. తర్వాత తనే మోకాళ్ళు వంచి, నడుం నిటారుగా పెట్టి ఎలా నిలబడాలో చూపించింది. అప్పుడు నాకు అంతా తెలిసిపోయింది. ఏ గుమాస్తా లేడు. దేవుణ్ణే కట్టుకున్న అమ్మమ్మ చేత బొట్టు తీయించింది అమ్మే. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈమెకు ఇదంతా ఎలా తెలుసని దొరసాని అడిగింది. ఆ మాట అమ్మమ్మకు చెప్పాను.

"సెప్పు అమ్మి. పదిహేనేళ్ళు జమీందారు గుళ్ళో నేనే ఆడేనని సెప్పు."

అమ్మ నావైపు చూసింది. ఆ మాట క్లబ్బుకెక్కితే తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. ఆ తర్వాత అమ్మ ఇక్కడ తలెత్తుకునే వీలుండదు.

"ఎప్పుడో నాటకంలో చూసిందట" అన్నాను ఇంగ్లీషులో.

దొరసాని ముచ్చటపడి తలూపింది. అమ్మమ్మ మొహం వెలిగిపోయింది.

"నమ్మిందా అమ్మి?"

"నమ్మింది" అన్నాను.