మా ఇంటి దమ్ము మందు

రాయచూరు పత్తి బజారులోని మా ఉమ్మడి ఇంట్లో అందరికీ ఆస్తమా మందులిచ్చేది నా పెద్ద తోడికోడలే. బావగారు థర్మల్ ప్లాంటు బస్సెక్కకముందు, పిల్లలు బడికి పోకముందు, వంటింటి గడప దగ్గర నిలబెట్టి ఒక్కొక్కరి నోట్లో ఇన్‌హేలర్ పంపు పెట్టి, "పీల్చు... పట్టు... ఇగ ఇడువు" అనేది. తాను పీల్చేటప్పుడు మాత్రం గోడవైపు తిరిగి కొంగు కప్పుకునేది.

"మావోడు మంచిగ ఉండె. ఈమె వచ్చినంకనే ఇంటికంత దమ్ము అంటింది" అని మా అత్తగారు వచ్చినవాళ్లందరి ముందూ అనేవారు. పిల్లలు దగ్గినప్పుడల్లా అక్క తానే తప్పు చేసినట్టు ముడుచుకుపోయేది.

ఒక చలికాలం అత్తగారికే ఆయాసం పట్టుకుంది. డాక్టరు చూసి, ఇది ఎప్పటినుంచో ఉన్న ఆస్తమానే, ఇకనుంచి రోజూ పంపు వాడాలన్నాడు. మర్నాడు పొద్దున ఆమె పిల్లల వెనక వచ్చి తలదించుకుని నిలబడ్డారు. అక్క మెల్లగా ఆమె గడ్డం ఎత్తిపట్టి, "పీల్చుండ్రి" అంది.

మందు పీల్చాక అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నేండ్లు నిన్ను ఎన్ని మాటలంటినే..."

అక్క నీళ్ల చెంబు అందించింది.

"ఇప్పుడు మాట్లాడొద్దు అత్తమ్మా. ముందు నోరు పుక్కిలించుండ్రి, లేకుంటే మందు గొంతుల నిలుస్తది."