అనుమానాల బాబాయి పెట్టిన జెట్టు

అనుమానాల బాబాయికి ఈ భూమ్మీద నమ్మదగ్గ వస్తువంటూ ఒక్కటీ లేదు. మెకానిక్ షెడ్డుకు తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్లీ లాగి, "ఇంత సులువుగా పడిందంటే ఇందులో ఏదో మతలబు ఉంది" అని తాళాన్నే మార్చేసిన మనిషి. పనిలో మాత్రం ఆయనకు సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

అది తెలిసే పశువుల డాక్టరమ్మ తన బండిని ఆయన దగ్గరికే తెచ్చేది. బైకుకున్నట్టు హ్యాండిలు, కింద నాలుగు లావుపాటి టైర్లు, టూ స్ట్రోక్ ఇంజను. జీపు ఎక్కలేని కొండదారిలో పశువుల పాకలకు చేరాలంటే ఆమెకు అదే గతి. దాని కార్బురేటర్‌లో జెట్టు కుదరడమే పెద్ద తంటా. జెట్టంటే గోరంత ఇత్తడి ముక్క. దాని నడుమ చిల్లులోంచే ఇంజనుకు పెట్రోలు అందుతుంది. చిల్లు చిన్నదైతే ఇంజను వేడెక్కి బిగుసుకుపోతుంది, పెద్దదైతే పొగ కక్కుతూ ఆయాసపడుతుంది.

"జెట్టు మీద నంబరు కొట్టే ఉంది కదా బాబాయ్, ఇంకా కొలవడమెందుకు?" అనేది డాక్టరమ్మ.

"కొట్టినవాడు నీకు చుట్టమా?"

"కాదు."

"నాకూ కాదు. మరెలా నమ్మమంటావు?"

అంటూ సన్నని తీగలు ఒక్కొక్కటే చిల్లులోకి దూర్చి, ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. తర్వాత ఆ కంటి మీదా అనుమానమొచ్చి రెండో కంటితో చూసేవాడు. చలిగాలికి పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి. రేడియోలో చలి పెరిగిందంటే మాత్రం ఆయన ఒప్పుకునేవాడు కాదు. చొక్కా విప్పి షెడ్డు ముందు నిలబడేవాడు. తనకు వణుకు పుడితేనే చలి.

ఆ పైన పరీక్ష. యాక్సిలరేటరు నిండుగా నొక్కి పోయి, ఉన్నపళంగా ఇంజను ఆపి, దాని స్పార్క్ ప్లగ్గు విప్పి తేవాలి. దాని మూతి కాఫీ రంగులో ఉంటే జెట్టు కుదిరినట్టు. తెల్లబడితే పెట్రోలు చాలనట్టు, నల్లబడితే ఎక్కువైనట్టు.

"నిండుగా నొక్కావా?"

"నొక్కాను బాబాయ్."

"ప్లగ్గు అలా చెప్పడం లేదే!" అని ఆమె వెనకాల తానే ఎక్కి కూర్చునేవాడు. తిరిగొచ్చి ప్లగ్గును భార్యకు చూపించేవాడు.

"ఏం రంగు?"

"కాఫీ రంగే" అనేది పిన్ని.

"పొయ్యి మీద కూర మాడుతోందని తొందరపడి చెబుతున్నావు. సరిగ్గా చూడు!"

అలాంటి మనిషి ఆ చలికాలం మారిపోయాడు. ప్లగ్గు బొగ్గులా నల్లగా వచ్చినా, బండి వెనక నీలిపొగ మేఘంలా లేచినా, "భేషుగ్గా ఉంది, పోయిరా" అన్నాడు. అన్నిటినీ అనుమానించే బాబాయి దీన్ని అనుమానించకపోవడంతో డాక్టరమ్మకే అనుమానం మొదలైంది. కొత్త బేరం తగిలి తనను వదిలించుకోవాలని చూస్తున్నాడా? తనమీద కోపముందా?

ఒకరోజు పొద్దున్నే కొండమీంచి కబురొచ్చింది. ఆవు ఈనలేక అల్లాడుతోందట. డాక్టరమ్మ ఆదరాబాదరాగా బయల్దేరింది. నిటారు మలుపులో బండి దగ్గి దగ్గి ఆగిపోయింది. మసిపట్టిన ప్లగ్గు మార్చుకుని చేరేసరికి ఆవు మెడ వాల్చేసింది. చెమటోడ్చి దూడను బయటికి లాగాక తల్లీబిడ్డా ఊపిరి పీల్చుకున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే రెండూ దక్కేవి కావు.

అక్కడి ట్రాక్టరు మెకానిక్ కార్బురేటర్ విప్పి ముక్కున వేలేసుకున్నాడు. "రెండు సైజులు పెద్ద జెట్టమ్మా ఇది! తెలిసి పెట్టిందే."

ఆమె పనిముట్ల డబ్బాలో ఉన్న పాత జెట్టును బిగించి ఇచ్చాడు. బండి పొగ లేకుండా రివ్వున కొండ దిగింది. డాక్టరమ్మ కోపం అంతకంటే వేగంగా దిగింది.

షెడ్డులో ఎవరూ లేరు. పెరట్లో పిన్ని తల పైకెత్తి అరుస్తోంది.

"అన్నం చల్లారిపోతోంది, దిగండి! తిరిగి బయల్దేరానని ఆ పిల్ల ఫోన్ చేసింది కదా!"

"ఫోన్లో గొంతు తనదేనని నీకెవరు చెప్పారు?" రేకుల కప్పు మీంచి బాబాయి గొంతు వినిపించింది. "పొద్దున పొగ ఎక్కింది, నా కళ్లతో చూశాను. మధ్యలో కాసేపు ఆగింది, మళ్లీ ఎక్కింది. దిగే పొగ మాత్రం ఇంతవరకూ లేదు. తాడు తియ్యి, నేను వెళ్తున్నాను."

డాక్టరమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"బాబాయ్!"

ఆయన కిందికి చూశాడు. "నువ్వేనా?"

"నేనే."

"మరి పొగేదీ?"

"జెట్టు మార్పించాను. నేనెక్కడున్నానో చూడ్డానికా నా బండికి ఇంత పొగ పెట్టారు?"

బాబాయి నిచ్చెన దిగి, నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. "పోయినేడు పాలవాడు కొండమీది ఆ నిటారు మలుపులో బండి తిరగబడి సాయంత్రం దాకా పడి ఉన్నాడు. ఎవరికీ తెలియలేదు. నువ్వు ఒక్కదానివే పోతావు కదా తల్లీ."

ఆమె ఆవు సంగతి చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. "తప్పు నాదే. ఆ పొగ నిన్నే ఆపేస్తుందని అనుకోలేదు" అన్నాడు. తాను చేసిన పని మీద తనకే అనుమానం రాకపోవడం బహుశా ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఆ మాటతో డాక్టరమ్మ కోపం కాస్తా కరిగిపోయింది. కన్నతండ్రి మీద కలిగేటంత ఇష్టం కలిగింది ఆ ముసలాయన మీద.

"మధ్య సైజు వెయ్యండి బాబాయ్. బండి ఆగకూడదు, కొంచెం పొగా ఉండాలి."

బాబాయి ముఖం వెలిగింది. మరుక్షణమే కళ్లు చిన్నవి చేసి ఆమెను ఎగాదిగా చూశాడు.

"మీదపడి కొట్టేలా వచ్చినదానివి, ఇంత తొందరగా ఎలా ఒప్పుకున్నావు? ఏదీ, ఆ హెల్మెట్ తియ్యి. దారిలో ఎక్కడో పడి తలకు దెబ్బ తగిలించుకునే ఉంటావు."