బ్యాటరీ మీద శ్రీ

ఒక బరువు మోస్తున్నాను. చాలా ఏళ్ళుగా. దాని పేరు ఓబులేసు. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు. నిజానికి మీ మీద కూడా నాకు నమ్మకం లేదు. సగం చదివి తీర్పు చెప్పేస్తారని అనుమానం. అనుమానం నా స్వభావం. ఇదంతా దాని నిర్వాకమే.

కతర్‌లో, అల్ వుకైర్‌లో, ఒక స్థానికుడి ఇంట్లో వాహనాలకూ పనివాళ్ళకూ నేను పర్యవేక్షకుణ్ణి. యజమానిని అందరం బాబా అంటాం. ఏ బండికి ఎప్పుడు ఆయిల్ మార్చారో, ఎవరు ఏ తాళం తీసుకున్నారో రాసిపెట్టడం నాకు అలవాటు. రాసిపెట్టేవాడు తప్పు చేయడని ఇంట్లో అందరూ నమ్మారు. నేనూ నమ్మాను.

బాబా తండ్రిగారు వాడిన పాత జర్మన్ కారు ఒకటి ఆ ఇంట్లో ఉంది. శుక్రవారాలు మాత్రమే బయటికి తీస్తారు. డాష్‌బోర్డు దీపాలు మసకబారి, చీకటి పడితే స్పీడు ముల్లు కనబడేది కాదు. ఎల్ఈడీ బల్బులు వేద్దామన్నది నేను. వేసిందీ నేనే, మెకానిక్కులను నమ్మను కనుక. మీటర్ల పెట్టెను ముందుకు లాగి, పాత బల్బులు ఒక్కొక్కటే తీసి, ఏది ఏ గూటిదో చీటీ అంటించి దాచి, ఆ గూళ్ళలో కొత్తవి పెట్టాను. మీటర్లు పాలలా వెలిగాయి. మజ్లిస్‌కు, అంటే అతిథులు కూర్చునే గదికి, వచ్చినవాళ్ళందరినీ బాబా గ్యారేజీలోకి తీసుకొచ్చి చూపించారు. నా భుజం తట్టారు. ఆ తట్టును పోగొట్టుకోకుండా ఉండడానికి నేను ఎంత దూరం వెళ్తానో అప్పటికి నాకే తెలియదు.

ఓబులేసు ఆ ఇంటి డ్రైవరు. కడప వైపు మనిషి. ఆ కారులో తాళం తిప్పగానే బ్యాటరీ బొమ్మతో ఒక ఎర్రదీపం వెలిగేది, ఇంజను అందుకోగానే ఆరిపోయేది. ఓబులేసు ఆ దీపం వెలిగేదాకా ఆగి, వేళ్ళు కళ్ళకద్దుకుని, ఆ తర్వాతే ఇంజను స్టార్ట్ చేసేవాడు. కొత్త బల్బులు వేశాక ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "సార్, ఎర్రదీపం పలకడం ల్యా" అన్నాడు. అది ప్రమాదాన్ని చెప్పే దీపమనీ, వెలగలేదంటే ప్రమాదం లేదనే అర్థమనీ వివరించాను. దీపం లేనిదే దణ్ణం పెట్టుకోలేవా అని వెటకారం కూడా చేశాను. తల ఊపి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు బ్యాటరీ చచ్చిపోయింది. అది దాదాపు కొత్తది. కొత్త బ్యాటరీ ఎందుకు చస్తుంది? ఎవరైనా దాన్ని తీసుకుని పాతది పెడితేనే చస్తుంది. నా బుర్రకు మరో కారణం తోచలేదు. మెసయీద్ నుంచి ఓబులేసు ఊరివాడొకడు పికప్‌లో వచ్చిపోతుండేవాడు. గోనెసంచిలో చుట్టిన బరువైనదేదో ఇద్దరూ కలిసి అందులోకి ఎక్కించడం ఒకసారి చూశాను. అందులో ఏముందని అడగలేదు. ఎందుకు అడగలేదు? అడిగితే అనుమానం తీరిపోతుందన్న భయమా?

మరో బ్యాటరీ తెప్పించాను. బిగించాక దాని మీద మేకుతో ఒక గుర్తు గీశాను, మారిస్తే పట్టుకోవాలని. అంకె గీస్తే ఎవడైనా గీస్తాడు. ఇంగ్లీషు అక్షరమూ అంతే. అందుకని తెలుగులో శ్రీ గీశాను. కతర్‌లో ఏ బ్యాటరీ కొట్టువాడికీ ఆ అక్షరం చేతికి రాదని మురిసిపోయాను. గీస్తుండగా ఓబులేసు వచ్చాడు. చూశాడు, ఏమీ అడగలేదు. దొంగ ఎందుకు అడుగుతాడు అనుకున్నాను.

ఆ బ్యాటరీ అల్ వక్రా సిగ్నల్ దగ్గర చచ్చిపోయింది. బండిలో బాబా, ఆయన అతిథులు. వెనక వరసగా హారన్లు. అతిథులు దిగి టాక్సీలో వెళ్ళారట. తిరిగి వచ్చి, ఎందుకిలా అవుతోందని బాబా అడిగారు. నాకు తెలియదు. కానీ తెలియదు అనడం నాకు చేతకాదు. ఎవరో బ్యాటరీలు మార్చేస్తున్నారన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర లేకపోయింది, తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆయనకు తెలుసు. ఓబులేసుకు డ్యూటీ మాఫీ అన్నారు, అంటే ఇక పని లేదని. ఊరికి టికెట్ కొనేశారు.

అతను వెళ్ళే రోజు పొద్దున నేను బానెట్ ఎత్తాను. గుర్తు లేని బ్యాటరీని చూపించి అతని నోరు మూయించాలని. శ్రీ ఉంది. నా చేతి వంకరతో సహా ఉంది. దాని పక్కన, ఎండిపోయిన కుంకుమ బొట్టు.

బానెట్ దించేశాను. వెనక్కి తిరిగితే ఓబులేసు, చేతిలో పెట్టె.

"శ్రీ ఆడనే ఉండాది గదా సార్?"

"ఏ శ్రీ?"

"మీరు రాసినారే, అది. పెద్దాయన మంచిరోజు జూసి రాసినాడనుకుంటి. నేను బొట్టు గూడా పెడితి." పెట్టె కింద పెట్టాడు. "అది మన బ్యాటరీనే సార్. నేను మార్చలేదు. ఒక మాట బాబాకు సెప్పండి."

"చూస్తాలే."

"ఇప్పుడు జూసినారు గదా."

"ఎయిర్‌పోర్టు బండి వచ్చిందయ్యా. యల్లా."

ఇక కదలమనే ఆ 'యల్లా' ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. బాబా పక్క గదిలోనే కాఫీ తాగుతున్నారు. నాలుగడుగులు వేయలేని వయసు కాదు నాది. దొంగను పట్టడానికి గీసిన గీతను అతను పూజ అనుకున్నాడు. ఆ గీతే అతను దొంగ కాడని సాక్ష్యం చెబుతుంటే, సాక్షి నోటి మీద నేను మూత వేశాను. ఎందుకు? బ్యాటరీ మారలేదని ఒప్పుకుంటే, మరెందుకు చస్తోందనే ప్రశ్న నా వైపు తిరుగుతుంది. భుజం మీద తట్టు వెనక్కి పోతుంది. అంతే. ఇంతకంటే గౌరవమైన కారణం కోసం ఏళ్ళ తరబడి వెతికాను. దొరకలేదు.

ఓబులేసు ఊరికి వెళ్ళిపోయాక కూడా బ్యాటరీ చచ్చింది. అనుమానించడానికి ఇక మనిషి మిగల్లేదు. అప్పుడు బండి పుస్తకం తీశాను. అంతకు ముందు చదవలేదా? దీపాల పేజీ చదివాను, చార్జింగ్ పేజీ వదిలేశాను. ఆ కాలపు బండిలో ఎర్రదీపం గుండా పారే కరెంటే చార్జింగ్‌ను మేల్కొలుపుతుంది. ఎల్ఈడీ ఒకవైపు నుంచే కరెంటును పోనిస్తుంది. ఎర్రదీపం గూట్లో నేను దాన్ని తిరగేసి పెట్టాను, చార్జింగ్ మేల్కోలేదు. ఏ వైపు ఏదో బల్బు మీద గుర్తు వేయని ఆ కంపెనీ మీద ఒళ్ళు మండింది. చూశారా, అప్పుడు కూడా మరొకరిని వెతుకుతున్నాను. చీటీ అంటించి దాచిన పాత బల్బు తీసి ఆ గూట్లో పెట్టాను. తాళం తిప్పాను. ఎర్రదీపం పలికింది. ఇంజను అందుకోగానే ఆరిపోయింది. ఆ బండి బ్యాటరీ మళ్ళీ చావలేదు. వైరు వదులైందని బాబాకు చెప్పాను. అది రెండో అబద్ధం.

మెసయీద్ మనిషి తర్వాత ఒకసారి ఎదురుపడ్డాడు. ఓబులేసుకు మళ్ళీ ఏ ఇంట్లోనూ పని దొరకలేదన్నాడు. ఊళ్ళో ఆటో తోలుతున్నాడట. అక్కడ అతన్ని బ్యాటరీ ఓబులేసు అంటారట. స్టాండులో ఎవరి బండి మొరాయించినా, "యాడ బెట్టినావప్పా మా బ్యాటరీ?" అని నవ్వుతారట. చెబుతూ ఇతనూ నవ్వాడు. నేను నవ్వలేదని రాయాలని ఉంది. నవ్వాను.

బాబా ఇంకా ఉన్నారు. రోజూ కనబడతారు. ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ కాగితం కూడా తప్పించుకునే మరో తెలివేనేమో. నా మీద నాకు ఆ అనుమానమూ ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ అధికారం మీది కాదు.

నేనేది రాసినా పైన శ్రీ పెట్టి మొదలుపెడతాను. చిన్నప్పటి అలవాటు. ఈ కాగితం మీద కూడా చెయ్యి అటే పోయింది. ఆపాను. శ్రీ లేకుండానే రాశాను. ఓబులేసు బ్యాటరీ మార్చలేదు. దీపాన్ని తిరగేసి పెట్టింది నేను. చూసి కూడా చెప్పనిదీ నేనే. చెప్పాను. చెయ్యి కొంచెం తేలికగా ఉంది.