ముట్టుకున్న గుర్రం

హంగరీలోని సెగెద్ కాలేజీలో ఎమెషె చదివే డిగ్రీ పేరు ఆరోగ్యం, ఫిట్‌నెస్ నిర్వహణ. ఈ పేరు మొత్తం చెప్పేలోపు అడిగినవాళ్ళ చూపు ఇంకోవైపు వెళ్ళిపోతుంది. అందుకే వాళ్ళమ్మ ఇబోయా మార్కెట్లో ఎవరు అడిగినా ఒకటే మాట చెప్తుంది. "మా పిల్లది మనుషుల్ని కదిలించే చదువు చదువుతోంది."

"ముందు మీ ఆయన్ని కదిలించమను," అంటారు మార్కెట్టోళ్ళు.

వాళ్ళు అన్న ఆయన గేజా. ఇబోయాకి రెండో భర్త. ఎమెషెకి ఆరేళ్ళప్పుడు ఒక సూట్‌కేసు, ఒక చదరంగం పెట్టె పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టాడు. ఆ రోజు బాబాయ్ అని పిలిచింది, ఇప్పటికీ అదే పిలుపు. నాన్నా అనమని ఆయన ఎప్పుడూ అడగలేదు. వర్షం వస్తే మాత్రం తను నడిపే సిటీ బస్సుని బడి గేటు దాకా తెచ్చి ఆపేవాడు. అక్కడ స్టాపు లేదు. కంట్రోలరు తిట్టేవాడు. మళ్ళీ వర్షం వస్తే మళ్ళీ ఆపేవాడు.

డిగ్రీ మొదటి ఏడాది ఎమెషెకి కండరాల పేర్లు పెద్ద గండం అయిపోయాయి. అన్నీ లాటిన్‌లో. ఒకటి గుర్తొస్తే రెండోది జారిపోయేది. వంటింటి బల్ల మీద తల వాల్చేసి ఏడుస్తుంటే గేజా పుస్తకం లాక్కుని బొమ్మ చూశాడు.

"ఏముందే ఇందులో. బస్సు రూటు. మడమ దగ్గర బయల్దేరతాం, మెడ దగ్గర ఆఖరి స్టాపు. ఒక్కో స్టాపు అరిచి చెప్పు."

కుర్చీలో కూర్చుని గాల్లో స్టీరింగ్ తిప్పాడు. పిల్లది అరిచింది. తప్పు చెప్తే బ్రేకు వేసేవాడు, కుర్చీతో సహా ముందుకి ఊగేవాడు. పిక్క, తొడ, తుంటి, నడుము... వారం తిరిగేసరికి ఆయనకి కూడా నోటికొచ్చేసింది. పరీక్షలో తుంటి దగ్గర ఎమెషె ఆగిపోయినప్పుడు ఆయన గొంతే వినిపించిందట. "దిగేవాళ్ళు దిగండి, వెనక జనం ఉన్నారు."

ఈ వసంతంలో ఆ స్టాపులోనే బస్సు ఆగిపోయింది. గేజా తుంటి కీలు అరిగిపోయి కొత్తది వేశారు. గాయం మానాక డాక్టరు చెప్పాడు, రోజూ నీళ్ళలో నడవాలి, ఏదీ పట్టుకోకుండా నడవాలి. ఈ వేసవిలో ఆ కాలికి బలం రాకపోతే చేతిలో కర్ర ఇక జన్మలో పోదన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎమెషెకి ఆఖరి ప్రాక్టికల్స్ పడ్డాయి. ఏదైనా ఒక చోట అరవై దాటినవాళ్ళతో ఒక గుంపు కట్టి, వేసవి అంతా వ్యాయామం నడిపించాలి. మొదలుపెట్టడం గొప్ప కాదు, జనం మానేయకుండా చూడాలి. చివర్లో కాలేజీ నుంచి తిమార్ మేడమ్ వచ్చి చూస్తుంది. ఎమెషె రెండో ఆలోచన లేకుండా సొంత ఊళ్ళోని వేడినీళ్ళ స్నానశాల, ఊరంతా దిగే ఆ పెద్ద తొట్టి, అడిగింది. నీళ్ళలో నడక, సంగీతం, వేడి ఎంత ఉండాలో, ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో అంతా రాసుకుంది. రాసిన ప్రతి వాక్యంలోనూ మనసులో ఒక్క మనిషే ఉన్నాడు.

ఆడవాళ్ళు వచ్చారు. రంగురంగుల టోపీలు పెట్టుకుని, పాట పెట్టగానే నీళ్ళలో గంతులేశారు. గేజా కూడా వచ్చాడు, రాకేం. కర్ర మేకుకి తగిలించాడు, కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు, గోడ వార రాతి బల్ల దగ్గరికి జరిగి ఛాతీ లోతు నీళ్ళలో కూర్చున్నాడు. ఎదురుగా విల్మోష్. మధ్యలో చదరంగం. ఆ రాతి బల్ల మీద గళ్ళు ఎప్పుడో చెక్కినవి, అంచులు నీటికి నున్నగా అరిగిపోయాయి.

"బాబాయ్, రావా?"

"ఆలోచిస్తున్నా."

"ఎంతసేపు?"

"ఎత్తు తోచేదాకా."

"డాక్టరు నడవమన్నాడు."

"ఆడొద్దనలేదుగా."

విల్మోష్ తల కూడా ఎత్తలేదు. "అమ్మాయ్, మీ బాబాయ్ ఎత్తు వేసేలోపు నీ డిగ్రీ అయిపోతుంది, పెళ్ళయిపోతుంది. వెళ్ళి నీ పని చూసుకో."

విల్మోష్ గడియారాలు బాగుచేసేవాడు. ఇద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఈ బల్ల దగ్గర తిట్టుకుంటూ ఆడుతున్నారు. చుట్టూ నలుగురు చూస్తుంటారు, చూసేవాళ్ళు నోరెత్తకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఎమెషెకి తెలుసు, గేజాది బద్ధకం కాదు. మొదటిరోజు కమ్మీ వదిలి ఒక్క అడుగు వేశాడు. కాలు జారి మునిగాడు, తనే లేచాడు. ఎవరూ నవ్వలేదు. అదే ఆయనకి ఎక్కువ బాధ అనిపించింది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి కాళ్ళ కింద నేల మీద నమ్మకం పోయింది. ఆ మాట చస్తే చెప్పడు. పుస్తకాల్లో దీనికి పేరుంది, మందు కూడా ఉంది. ఆ మందు ఈయన గొంతులో పోయడం ఎలాగో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

తర్వాత గొడవ వచ్చింది.

విల్మోష్ తన గుర్రం మీద వేలు పెట్టాడు. రెండు క్షణాలు ఆగి బంటుని జరిపాడు.

"ముట్టుకున్నావు," అన్నాడు గేజా. "గుర్రాన్నే ఆడాలి."

"ముట్టుకోలేదు. నీటిచుక్క పడితే తుడిచాను."

"నీళ్ళలో కూర్చుని నీళ్ళు తుడిచావా?"

"నా గుర్రం, నా ఇష్టం. స్నానం కూడా చేయిస్తాను."

చూసేవాళ్ళకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వుకి ఇద్దరూ ఇంకా రెచ్చిపోయారు. ముట్టుకోవడం వేరు, తుడవడం వేరు అని ఒకడు, నీ గడియారాల్లో ముల్లు కూడా ఇలాగే వెనక్కి తిప్పేవాడివి అని ఇంకొకడు. గడియారాల మాట వచ్చేసరికి విల్మోష్ లేచాడు. మర్నాడు నీళ్ళలో తేలే, గళ్ళు గీసిన బెండు పలక ఒకటి తెచ్చుకుని తొట్టి అవతలి మూలకి పోయి కూర్చున్నాడు.

ఆట మాత్రం ఆగలేదు. గెలిచే ఆట వదులుకోవడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు. ఇక్కడ రాతి బల్ల మీద, అక్కడ పలక మీద అవే పావులు, అవే ఎత్తులు. మధ్యలో కొర్నేల్ అని ఒకప్పుడు రొట్టెల దుకాణం నడిపిన మనిషి, బొజ్జతో నీళ్ళు చీల్చుకుంటూ ఎత్తులు మోసేవాడు.

"శకటు రెండు గళ్ళు ఐమూలగా వచ్చిందట," అనేవాడు రొప్పుతూ.

"ఆ దొంగకి చెప్పు, నా ఏనుగు కదిలిందని."

"దొంగ అని కూడా చెప్పనా?"

"అదే ముందు చెప్పు."

ఇలా తిరిగి తిరిగి కొర్నేల్ నడుము సన్నబడింది. తన గుంపులో అందరికంటే బాగుపడింది గుంపులో లేని మనిషేనని ఎమెషె తల పట్టుకుంది.

ఒక శనివారం కొర్నేల్ మనవరాలి పెళ్ళికి వెళ్ళాడు. గేజా ఎమెషెని పిలిచాడు. "ఒక్క ఎత్తేనే తల్లీ. మంత్రి పక్కనున్న గుర్రాన్ని ముందుకి దూకించి రా."

ఎమెషెకి చదరంగం అంతంత మాత్రం. పైగా అటు ఆడవాళ్ళు పాట మార్చమని గోల. పలక దగ్గరికి వెళ్ళి రెండో గుర్రాన్ని దూకించింది. విల్మోష్ దాన్ని చూశాడు, ఎమెషె మొహం చూశాడు, తన శకటుతో గేజా మంత్రిని ఎత్తేశాడు.

"మీ బాబాయ్‌కి చెప్పు, మంత్రి పోయాడని."

ఎమెషె వచ్చి చెప్పింది. గేజా నవ్వాడు. "ఎలా పోతాడే? గుర్రం అడ్డం ఉందిగా." బల్ల చూశాడు. అవతలి మూలకి చూశాడు. మెడ ఎర్రబడింది. "ఏ గుర్రాన్ని పెట్టావు?"

ఎమెషె నాలుక కరుచుకుంది.

గేజా లేచాడు. కమ్మీ కోసం చెయ్యి చాచలేదు. నీళ్ళని రెండు చేతులతో తోసుకుంటూ, రంగుటోపీల మధ్యనుంచి, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. ఆడవాళ్ళు గంతులు ఆపి దారిచ్చారు. పాట ఒక్కటే మోగుతోంది. ఎమెషె వెనకే కదిలింది, చెయ్యి పట్టుకోబోయి తమాయించుకుంది. ఎడమ కాలు, కుడి కాలు, మళ్ళీ ఎడమ. తుంటి కండరం పని చెయ్యడం నీళ్ళలోంచే కనిపిస్తోంది. పరీక్షలో ఆగిపోయిన ఆ స్టాపు.

పలక దగ్గరికి చేరి, "అది నా ఎత్తు కాదు. పిల్ల పొరపాటు," అన్నాడు.

"పెట్టిన పావు పెట్టినట్టే."

"నువ్వా చెప్తున్నావు ఆ మాట? తుడిచానన్నావుగా. నా పిల్ల కూడా తుడిచింది."

విల్మోష్ చాలాసేపు పలకకేసి చూసి మంత్రిని తిరిగి పెట్టాడు. అప్పుడు గేజా సరైన గుర్రాన్ని దూకించి, ఛాతీ విరుచుకుని వెనక్కి తిరిగాడు. సగం దూరం వచ్చాక తను ఎక్కడున్నాడో తెలిసింది. చుట్టూ నీళ్ళు, పట్టుకోవడానికి ఏమీ లేదు. మొహం పాలిపోయింది. ఎమెషె అడుగు దూరంలో ఆగింది.

"తుంటి తర్వాత ఏ స్టాపు బాబాయ్?"

ఆయన ఒక అడుగు వేశాడు. "నడుము."

"తర్వాత?"

ఒక్కో స్టాపు చెప్తూ గోడ దాకా వచ్చేశాడు.

ఆ రోజు నుంచి ఎమెషె ఎత్తులు మోయనంది. పెళ్ళి నుంచి వచ్చిన కొర్నేల్‌ని కూడా మోయనివ్వలేదు, బతిమాలి తన గుంపులో కలుపుకుంది. గేజా గొణిగాడు, తిట్టాడు, చివరికి ప్రతి ఎత్తుకీ తనే వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ విల్మోష్ ఏదో ఒకటి అనేవాడు, దానికి జవాబు సగం దారిలో తోచేది, అది చెప్పడానికి మళ్ళీ వెనక్కి పోవాల్సి వచ్చేది.

ఇబోయాకి ఈ గొడవ చూడలేక ప్రాణం విసిగింది. ఇద్దర్నీ భోజనానికి పిలిచి కలిపేస్తానంది. ఆ మాట చెప్దామని ఎమెషె విల్మోష్ దగ్గరికి వెళ్ళింది. ఆయన స్నానశాల బయట బల్ల మీద కూర్చుని లాంగోష్ అని, నూనెలో వేయించి వెల్లుల్లి రాసిన వేడి రొట్టె తింటున్నాడు, వేళ్ళ మీద నుంచి నూనె కారుతోంది.

"అమ్మ ఆదివారం రమ్మంది పెద్దాయనా. ఇక చాలు, ఒక మాట అనేస్తే పోతుందిగా."

"ఏ మాట?"

"ముట్టుకున్నానని."

విల్మోష్ వేళ్ళు తుడుచుకున్నాడు. "ఆ మాట అన్నాననుకో. ఏమవుతుంది?"

"మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చేస్తారు."

"వచ్చి?"

"కూర్చుని..." ఎమెషె ఆగిపోయింది.

"కూర్చుంటాడు," అన్నాడు విల్మోష్. "నాకు మాత్రం ఆ మూల బాగుంటుందనుకున్నావా? నీళ్ళు చల్లగా ఉంటాయి, మోకాళ్ళు పీకుతున్నాయి. వాడు రావడం చూస్తూ కూర్చుంటే అంత తెలియదులే. మీ అమ్మకి చెప్పు, ఆకులు రాలేదాకా నాకు ఆకలి లేదని."

ఎమెషె ఇంకో లాంగోష్ కొనిచ్చింది.

వేసవి చివర్లో తిమార్ మేడమ్ వచ్చింది. పొడవాటి మనిషి, మాట తక్కువ. గట్టు మీద కూర్చుని ఆడవాళ్ళ వ్యాయామం చూసింది, కొర్నేల్‌ని చూసింది. ఆ తర్వాత ఆవిడ చూపు తొట్టికి అడ్డంగా అటూ ఇటూ తిరిగే గేజా మీద నిలిచిపోయింది.

"ఆయన ఎవరు? మీ పథకంలో లేరే."

"మా బాబాయ్ మేడమ్. పథకం రాసింది ఆయన కోసమే, గుంపులోకి మాత్రం రాలేదు."

"మరి నడుస్తున్నారు."

"అది నా పథకం కాదు." అబద్ధం చెప్పలేకపోయింది. గొడవ సంగతి, తప్పు గుర్రం సంగతి, విల్మోష్ అన్న మాట, మొత్తం చెప్పేసింది. డిగ్రీ అవతలి ఒడ్డున ఉండిపోయినట్టే అనుకుంది.

"ఇది తెలిశాక మీరు ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. ఎవరూ కలపకుండా చూశాను."

"అదీ రాయండి," అంది మేడమ్. "నేను ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను, సరైన సమయంలో తప్పుకోమని. ఎవరూ వినరు." మళ్ళీ నీళ్ళకేసి తిరిగింది. "ఇంతకీ ఎవరు గెలుస్తున్నారు?"

మర్నాడు పొద్దున్నే విల్మోష్ వచ్చేసరికి మేకుకి గేజా కర్ర వేలాడుతోంది. గేజా మాత్రం ఇంకా రాలేదు. నిన్న దాన్ని మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. పక్క వీధి దాటి, రైలు గేటు దాటి, కొండమెట్లంత ఎత్తున్న వాళ్ళింటి గడప దాటి. కర్ర లేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఆయనకి అసలే తోచలేదు.

విల్మోష్ కర్రని అలాగే వదిలేసి, బెండు పలక చంకలో పెట్టుకుని రాతి బల్ల దగ్గరికి వచ్చాడు. పావులు ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆడుతున్న ఆట కాదు, ఆ పాత ఆట, గొడవ వచ్చిన రోజు ఎక్కడివి అక్కడ. ఎమెషె ఒడ్డున పాట పెట్టబోయి ఆగిపోయింది.

గేజా వచ్చి మెట్లు దిగాడు. బల్ల చూశాడు, ఎదురుగా కూర్చున్నాడు.

విల్మోష్ గుర్రం మీద వేలు పెట్టాడు. "ముట్టుకున్నాను," అన్నాడు.

గేజా ఆ వేలుకేసి చూశాడు.

"తెలుసు," అన్నాడు. "ఆడు మరి."