ఎర్రగుంట్లకు మోసుకెళ్ళిన డిస్కులు

ఆ ఎండాకాలం కడపలో కరెంటు పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు తీసేవాళ్ళు. చెప్పిన వేళకు తీస్తే సర్దుకోవచ్చు. చెప్పిన వేళకు ఎన్నడూ తీయలేదు. దీని మీద నేను నాలుగు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఇంట్లో కంప్యూటర్ల ఫైళ్ళన్నీ దాచుకునే చిన్న పెట్టె ఒకటి నా దగ్గర ఉండేది. అందులో రెండు హార్డ్ డిస్కులు. మొదట రెయిడ్ ఒకటి పద్ధతిలో పెట్టాను. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడుతుంది, ఒకటి చెడిపోయినా ఇంకొకటి ఉంటుంది. దాన్ని మార్చడానికి కారణం మా బావమరిది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. మా కొత్తింటి ప్రార్థన రోజు, భోజనాల దగ్గర, ఈ రెండు డిస్కుల సంగతెత్తి అందరూ వింటుండగా అన్నాడు.

"రెండు బండ్లు కొని, ఒకటి ఎక్కి ఇంకోటి తోసుకుంటా పోతాండావు గదా బావా."

ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో నాకిప్పటికీ గుర్తుంది. మా ఆవిడ కూడా నవ్వింది. ఆ వారంలోనే రెండు డిస్కులూ కలిసి ఒకే పెద్ద జాగా అయ్యేలా రెయిడ్ సున్నాకు మార్చేశాను. ఈ పద్ధతిలో ఫైలు ముక్కలై రెండింటిలోనూ పడుతుంది. ఒక డిస్కు పోతే అంతా పోయినట్టే. తెలిసే చేశాను.

ఏడాది తిరగకముందే ఒక డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది.

అందులో మా మామ పాటలున్నాయి. వేంపల్లె దగ్గర ఒక పల్లె చర్చిలో ముప్పై ఏళ్ళు పాటలు పాడించిన మనిషి. ఆయన చివరి క్రిస్మస్‌కు నేనే మూడు పాటలు వీడియో తీశాను. కెమెరా కార్డు తుడిచేశాను, సీడీ చేయలేదు. వచ్చే ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఆ పాటలు వేయిస్తానని మా ఆవిడ ఊరంతటికీ చెప్పుకుంది. డిస్కు చప్పుడు సంగతి ఆమెకు చెప్పలేదు.

ఉన్నదంతా బయటి డిస్కులోకి తీసి, చెడినదాన్ని మార్చి, పెట్టెను పాత పద్ధతికి తేవాలి. తీయడం మొదలుపెట్టిన ప్రతిసారీ కరెంటు పోయింది. ఆగి మళ్ళీ తిరిగిన ప్రతిసారీ చప్పుడు పెరిగింది. బావమరిది ఉండే ఫ్యాక్టరీ కాలనీలో మాత్రం కరెంటు పోదు, వాళ్ళ కరెంటు వాళ్ళే చేసుకుంటారు. గురువారం పెట్టెను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఎర్రగుంట్ల బస్సెక్కాను. గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెను గాలిలోకి ఎత్తి పట్టుకున్నాను.

బావమరిది డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లోవాళ్ళు నీళ్ళిచ్చి కూర్చోమన్నారు. పెట్టెను ల్యాప్‌టాప్‌కు కలిపి ఫైళ్ళు తీయడం మొదలుపెట్టాను, కానీ కూర్చోలేకపోయాను. ఇంకెంత సేపు పడుతుందో ల్యాప్‌టాప్ ఒకసారి మూడు గంటలంటుంది, ఒకసారి పదకొండంటుంది, ఒకసారి నలభై నిమిషాలంటుంది. గేటు దాకా పోతాను, వస్తాను, చూస్తాను. కిటికీ మీది సిమెంటు దుమ్ములో వేలితో గీత గీస్తాను. స్విచ్ బోర్డు వైపు ఎవరు కదిలినా లేచి నిలబడతాను.

మూడింటికి బావమరిది వచ్చాడు. మోటార్ల చప్పుడుకు అలవాటైన చెవి కదా, పెట్టె దగ్గర వంగి విన్నాడు.

"ఇది శానా సేపు ఉండదు బావా. ముందు ఏది తీస్తాండావు?"

"అన్నీ. వరసగా."

"వరసేందప్పా? పోగూడనిది ఏదో అది ముందు తీయి."

వరసలో మొదట ఉన్నవి నా అర్జీలు. ఏడేళ్ళుగా రకరకాల ఆఫీసులకు పెట్టినవి, రశీదులతో సహా స్కాన్ చేసి పెట్టుకున్నవి. అవీ పోకూడనివే. ఆ మాట అనబోయి మింగాను.

"మీ నాయన పాటలుండాయి ఇందులో" అన్నాను.

అతను నేల మీద కూర్చుండిపోయాడు. అతని ముఖం అలా వాడిపోతే చూడాలని ఏడాదిగా అనుకుంటున్నవాణ్ణి, తీరా వాడిపోయాక చూడలేక ల్యాప్‌టాప్ వైపు తిరిగాను.

నడుస్తున్నది ఆపి, పాటలు తీయడం మొదలుపెట్టాను. మొదటిది వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది సగంలో నిలిచింది. చప్పుడు సరిగ్గా వినడానికి అతను ఫ్యాను కట్టేశాడు. ఆ ఉక్కలో ఇద్దరం పెట్టె మీదికి వంగి కూర్చున్నాం. ఒక టిక్కు, ఏమీ లేదు, ఇంకో టిక్కు. చివరికి ల్యాప్‌టాప్‌లో ఎంత వచ్చిందో చూపే గీత కదిలింది. పాట పూర్తిగా వచ్చింది.

మళ్ళీ అర్జీలు తీయడం మొదలుపెట్టాను. రెండేళ్ళవి బయటికి వచ్చాక డిస్కు ఆగిపోయింది, ఇక తిరగలేదు.

"పాటలొచ్చినాయి గదా బావా" అన్నాడు. పోయినవి ఏమిటని అడగలేదు.

ఆదివారం కూడికలో, మూడో పాట మధ్యలో మామ ఆగి, ముందున్న పిల్లలను కూర్చోమని కసిరి, విడిచిన చోటనే పాట అందుకున్నాడు. జనం నవ్వారు, వెంటనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మా ఆవిడ చేయి నా మోకాలి మీద పడింది. పాట అయ్యాక బావమరిది లేచి, వీటిని ముందు తీయమన్నది తానేనని అందరికీ చెప్పాడు. అబద్ధం కాదు. కానీ డిస్కులు రెండూ ఎవరి మాట వల్ల కలిపానో ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుదామని లేవబోయాను. మా ఆవిడ చేయి మోకాలి మీదే ఉంది, ఇంకొంచెం బరువుగా.