లిఫ్టు బాగానే ఉంది

“ఈసారన్నా నాతో కొండకు నడిచి రా మే.”

“రోజంతా ఆసుపత్రిలో నడస్తానే ఉండా. మళ్లీ నడకా? నువ్వు మెట్లెక్కు, నేను బస్సులో వస్తా.”

“సరే, బస్సులోనే రా. మెట్లు ముగిసేకాడ కూసోనుంటా.”

నాకూ మా ఆయనకూ మధ్య అవే ఆఖరి మాటలు. నేను డ్యూటీకి వెళ్లాను. మధ్యాహ్నానికి ఆయన గుండె ఆగిపోయింది. తిరుమలకు నడిచి వస్తానన్న ఆయన మొక్కు అలాగే మిగిలింది. ఎలాగైనా అది నేనే తీర్చాలనుకున్నాను.

నేను తిరుపతిలో ఓ ఆసుపత్రిలో ఆయాను. స్ట్రెచర్లు తోస్తాను, వార్డులు తుడుస్తాను. అలాంటిదాన్ని అలిపిరిలో కాసిని మెట్లెక్కేసరికే మోకాళ్లు పట్టేసి కూలబడ్డాను. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే సిస్టరమ్మకు చెప్పాను.

“పనిలో ఆగి ఆగి నడిచేది చాలదు పెద్దమ్మా. ఆగకుండా కొంచేపు నడవల్ల,” అంది.

నడిచేదెప్పుడు? తెల్లవారితే కుళాయి నీళ్లొచ్చే వేళ. సాయంత్రం రోడ్డెక్కితే తెలిసిన ఆటోవాళ్లు ఆపేవాళ్లు. “ఏమక్కా, బస్సు తప్పిపోయిందా? ఎక్కు, దించేసి పోతా.” కాదంటే నొచ్చుకుంటారని ఎక్కేదాన్ని. నడకకని బయలుదేరి ఆటోలో ఇల్లు చేరేదాన్ని.

ఇక ఆసుపత్రి మెట్లే పట్టాను. డ్యూటీ దిగాక, అలిపిరిలో చేసినట్టే మొదటి మెట్టు తాకి కళ్లకద్దుకుని ఎక్కేదాన్ని. రోగుల బంధువులు నన్ను చూసి లిఫ్టు చెడిపోయిందనుకున్నారు. క్యారియర్లు పట్టుకుని నా వెనకే ఎక్కారు. కొందరు వాళ్లూ మెట్టు తాకి దండం పెట్టుకున్నారు. “లిఫ్టు బాగానే ఉండాది నాయనా,” అంటే ఎవరూ నమ్మలేదు. సూపర్‌వైజరు మెకానిక్‌ను కూడా పిలిపించాడు.

“నీ మొక్కేమో గానీ, ఊరందరి చేతా మెట్లెక్కిస్తా ఉండావు కదమ్మా,” అని తల పట్టుకున్నాడు.

తోటి ఆయాలు పడీ పడీ నవ్వారు. మర్నాటి నుంచి వాళ్లూ కొంగు దోపుకుని నా వెంట మెట్లెక్కారు.

కొన్నాళ్లకు సెలవు చూసుకుని అందరం కొండకు బయలుదేరాం. మోకాళ్ల పర్వతం దగ్గర నాకు గుండె జారింది. మొక్కున్నవాళ్లు అక్కడ మోకాళ్ల మీద ఎక్కుతారు.

“నువ్వూ అట్లే ఎక్కుతావా అక్కా?” అని ఒకామె ఎగతాళి చేసింది.

“ఈ మోకాళ్లను ఈడిదాకా మోసుకొచ్చిందే ఎక్కువ, పద మే,” అన్నాను.

నవ్వుకుంటూనే ఎక్కేశాం. మెట్లు ముగిసేచోట, ఆయన కూర్చుంటానన్న చోట, కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మోకాళ్లు నొప్పెట్టాయి, అయినా మనసంతా పండగలా ఉంది.

ఇంతే. చెల్లెలి బిడ్డవు, నేను చెప్పిందంతా ఓపిగ్గా రాసినావు. ఇప్పుడు మొదట్నించీ సదివి ఇనిపించు మే. ఆయన మాట కాడ నిదానంగా సదువు.